తీర్పు చెప్పని మధ్యవర్తి వల్ల ప్రయోజనం ఏమిటి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్నగారు మూడేళ్ళ కిందట కాలం చేశారు. ఆయన తన సంపాదనతో కొన్న 4 ఎకరాల 80 సెంట్ల పొలం, ఊళ్ళో ఒక పెంకుటిల్లు ఉన్నాయి. వీలునామా రాయలేదు. అన్నయ్య ఊళ్ళోనే ఉండి సాగు చేస్తున్నాడు, అమ్మ అతని దగ్గరే ఉంటుంది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేను పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. నా వాటా అడిగితే, పెళ్ళినాడే కట్నం, బంగారం ఇచ్చేశాం కదా అని అన్నయ్య అంటున్నాడు. ఊరి పెద్దలు రెండుసార్లు కూర్చోబెట్టి, ఇరువైపులా ధరావతు కట్టించుకుని, చివరికి పసుపు కుంకుమల కింద 50 సెంట్లు తీసుకోమన్నారు. రెండుసార్లూ మా ఆయన్ని అడిగారే తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒప్పుకోలేక భాగపంపకాల దావా వేశాను. ఇప్పుడు జడ్జిగారు మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్ళమన్నారు. ఆ మధ్యవర్తి తీర్పు చెప్పరట. పెద్దమనుషుల వల్ల తేలనిది తీర్పే చెప్పని మనిషి వల్ల ఎలా తేలుతుంది? అసలు ఈ పద్ధతి ఎప్పుడు ఫలిస్తుంది, నేను ఎలా సిద్ధపడాలి?
— ఒక సోదరి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఎకరాల లెక్క కన్నా, కట్నం మాట కన్నా, ‘నన్నెవరూ ఏమీ అడగలేదు’ అన్న వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. న్యాయవాదిగా కొన్నేళ్ళు, ఆ తరువాత శిక్షణ పొందిన మధ్యవర్తిగా మరికొన్నేళ్ళు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ తగవుల మధ్య కూర్చున్నవాడిగా చెబుతున్నాను, మీ ఊళ్ళో ఆ రెండు పంచాయితీలూ ఎందుకు విఫలమయ్యాయో ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అక్కడ కూర్చున్న పెద్దలు చెడ్డవాళ్ళు కాకపోవచ్చు. మీ కుటుంబం మంచి కోరే కూర్చుని ఉండవచ్చు. అయినా వాళ్ళు తమకు సబబుగా తోచిన అంకె ఒకటి ముందే మనసులో పెట్టుకుని, దానికి మిమ్మల్ని ఒప్పించడమే తమ పని అనుకున్నారు. కేంద్రంలో మీ ముందు కూర్చోబోయే మనిషి పని అది కాదు.

మన భాషలో ఒక చిక్కు ఉంది. ‘మధ్యవర్తి’ అన్న ఒక్క మాటనే మనం మూడు రకాల మనుషులకు వాడుతున్నాం. రచ్చబండ దగ్గర తగవు విని తీర్పు చెప్పి, తప్పు కట్టించే పెద్దమనిషినీ మధ్యవర్తి అంటాం. వ్యాపార ఒప్పందాల్లో వివాదం వస్తే సాక్ష్యాలు విని అవార్డు, అంటే తీర్పు, ఇచ్చే ఆర్బిట్రేటర్‌నూ పత్రికలు మధ్యవర్తి అనే రాస్తాయి. ఏ తీర్పూ ఇవ్వకుండా, ఇరుపక్షాలూ తమంతట తాము ఒక ఒప్పందానికి రావడానికి తోడ్పడే మీడియేటర్‌నూ అదే మాటతో పిలుస్తున్నాం. ఇక రాయబారి వేరు. కౌరవసభకు వెళ్ళిన శ్రీకృష్ణుణ్ణి మధ్యవర్తికి ఆదర్శంగా చెప్పేవాళ్ళు ఉన్నారు గానీ, ఆయన పాండవులు పంపగా వెళ్ళినవాడు, అప్పటికే అర్జునుడికి సారథిగా ఉండడానికి మాట ఇచ్చినవాడు. ఐదూళ్ళయినా ఇమ్మని అడిగింది ఒక పక్షం తరఫునే. ఎదుటివాడికి ఆయన ఎంత గొప్పవాడైనా తనవాడు కాడు. మీ రెండో పంచాయితీలో ఎవరైనా మీ అన్నయ్య పిలిస్తే వచ్చి, అతని ఇంట్లో భోజనం చేసి కూర్చున్నారా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి. అలా జరిగి ఉంటే ఆయన చెప్పిన మాట ఎంత న్యాయమైనదైనా మీకు రాయబారంగానే వినిపించి ఉంటుంది.

మీ ప్రశ్నకు వస్తాను: తీర్పు చెప్పే అధికారం లేకపోవడం వల్లనే మీడియేషన్ ఫలిస్తుంది. అధికారం ఉన్నవాడి ఎదుట మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. జడ్జి ఎదుట, పెద్దల ఎదుట ఎవరైనా తన బలాన్ని పెంచి, తన లోపాన్ని దాచి, అవతలివాళ్ళ తప్పును రెట్టింపు చేసి చెబుతారు, ఎందుకంటే నిర్ణయం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంది. ఏ నిర్ణయమూ చేయలేని మనిషి ఎదుట అదే వాదన వినిపించి ప్రయోజనం ఉండదు; అక్కడ ఒప్పించవలసింది ఎదురుగా కూర్చున్న అన్నయ్యను. ఈ మార్పు మొదటి గంటలో కనిపించదు. మొదటి సమావేశంలో అందరూ మధ్యవర్తి వైపే చూసి మాట్లాడతారు, ఆయన తల ఊపుతాడేమోనని ఎదురు చూస్తారు. ఆయన ఎవరి వైపూ తల ఊపడని తెలిశాక, ఎప్పుడో ఒకసారి, ఒకరి వైపు ఒకరు తిరుగుతారు.

అలా తిరగాలంటే భయం పోవాలి. ఇక్కడ చెప్పినది రేపు కోర్టులో నా మెడకు చుట్టుకుంటుందేమో అన్న భయం ఉన్నంతకాలం ఎవరూ నోరు విప్పరు. అందుకే ఈ పద్ధతికి గోప్యత ప్రాణం. 2010లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేటగా చెప్పింది: రాజీ కుదిరితే మధ్యవర్తి సంతకాలైన ఒప్పందాన్ని కోర్టుకు పంపాలి, కుదరకపోతే కుదరలేదని ఒక్క మాట రాసి పంపాలి, లోపల ఎవరు ఏమన్నారో, ఎవరు ఎంతకు దిగారో రాయకూడదు. 2023లో వచ్చిన మీడియేషన్ చట్టంలోనూ గోప్యతకు సెక్షన్లు ఉన్నాయి. పైగా మధ్యవర్తి మీతో విడిగా, మీ అన్నయ్యతో విడిగా కూడా మాట్లాడతారు. ఆ విడి సమావేశంలో మీరు చెప్పిన మాట మీ అనుమతి లేకుండా అవతలి గదికి వెళ్ళదు. ‘ఎకరం ఇచ్చినా నేను సర్దుకుంటాను, కానీ ఆ మాట ముందే చెబితే ముప్పావు దగ్గర బేరం మొదలుపెడతారు’ అన్న సంశయం మీకు ఉంటే, దాన్ని దాచుకోకుండా చెప్పుకోగల చోటు అదొక్కటే. నేను నిర్వహించిన కేసుల్లో ఏం జరిగిందో మీకు ఉదాహరణగా చెప్పలేకపోవడానికి కారణం కూడా ఈ గోప్యతే. కాబట్టి ఎవరి ఇంటి సంగతీ కాని విషయాలే రాస్తున్నాను.

ఇక వినడం గురించి. దీన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన విషయంగా తీసిపారేస్తారు గానీ, నా అనుభవంలో పొలం తగవు తెగేదీ తెగనిదీ చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. మీకు రావలసిన భూమి గురించి మీ భర్తను అడిగి, ఆయన ద్వారా మీకు ఒక అంకె చెప్పి, ఒప్పుకోలేదని మిమ్మల్ని మొండిమనిషిగా చూశారు. మీకు 50 సెంట్లు తక్కువ అనిపించడం ఒక బాధ. పుట్టింటి విషయంలో మీకంటూ ఒక మాట ఉండదన్నట్టు ప్రవర్తించడం మరొక బాధ, అది మొదటిదాని కన్నా లోతైనది. అలాగే, ఆవలి గట్టున మీ అన్నయ్యకూ వినిపించుకోవలసింది ఏదో ఉండి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. నాన్నగారి చివరి రోజుల్లో ఆసుపత్రిలో రాత్రిళ్ళు ఎవరు కూర్చున్నారు? మందుల ఖర్చుకు అప్పు ఎవరు చేశారు? మీరు, తమ్ముడు పండగకు వచ్చి వెళ్ళిన ఏళ్ళన్నీ ఆ ఊళ్ళో కాలువ నీటి కోసం తెల్లవారుజామున లేచింది ఎవరు? ‘కట్నం ఇచ్చేశాం’ అని అతను అన్నప్పుడు, అందులో సగం ‘నేను చేసింది ఎవరూ లెక్కపెట్టలేదు’ అన్న మాట ఉండవచ్చు. మంచి మధ్యవర్తి ఈ మాటను బయటికి రానిస్తారు, వచ్చాక తొందరపడి అంకెల్లోకి దించరు. ‘నువ్వు నాన్నను చూసుకున్నావు, ఆ సంగతి నేను మరచిపోలేదు’ అని మీరు మనస్ఫూర్తిగా అనగలిగితే, దానివల్ల మీ వాటాలో ఒక్క సెంటు తగ్గదు. మీరు నమ్మని మాటను మాత్రం అనవద్దు. అబద్ధపు మెచ్చుకోలును తోబుట్టువులు వెంటనే పసిగడతారు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే మీ హక్కు ఏమిటో తెలియకుండా ఒప్పుకునే రాజీ లొంగుబాటు అవుతుంది. మీ నాన్నగారు సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేదు. కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారు, మీరు, మీ అన్నయ్య, తమ్ముడు నలుగురూ సమాన వారసులు. పొలంలో ఒక్కొక్కరికి ఎకరం 20 సెంట్లు, ఇంట్లో నాలుగో వంతు. తాతల నాటి నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళ హక్కు కోసం ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా తెచ్చిన సవరణ, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇవన్నీ ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. మీ విషయంలో అంత దూరం పోనక్కర్లేదు. కట్నం ఇచ్చారు కాబట్టి కూతురి వాటా పోయిందన్న వాదన చట్టంలో నిలవదు. అయితే, చట్టం మీ వైపు ఉందన్న ధీమాతో మధ్యవర్తి గదిలో చట్టాన్నే పదేపదే చదివి వినిపించకండి. అది మీ వెనుక గోడలా ఉంటే చాలు. మీ అన్నయ్యకు కూడా ఆ గోడ కనిపించాలి, అందుకు అతని న్యాయవాది చాలు; రాజీ కుదరకపోతే కోర్టులో ఏమవుతుందో రెండు పక్షాలకూ స్పష్టంగా తెలిసినప్పుడే బేరం నేల మీద నిలుస్తుంది.

ఆ ‘ఏమవుతుందో’ అన్నది మీకు కూడా వర్తిస్తుంది. మీరు దావా గెలిచారనుకోండి. భాగపంపకాల దావాలో ముందు వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అంటే ఎవరికి ఎన్నో వంతో తేల్చే డిక్రీ. దాని మీద అప్పీలు ఉంటుంది. తరువాత ఫైనల్ డిక్రీ కోసం మళ్ళీ దరఖాస్తు, అడ్వొకేట్ కమిషనర్ నియామకం, కొలతలు, ఆయన నివేదిక మీద అభ్యంతరాలు, ఆపైన డిక్రీ అమలు. ఇంతా చేసి చట్టం మీకు ఇవ్వగలిగింది నాలుగో వంతు. ఆ నాలుగో వంతు రోడ్డు పక్కదా, లోపలిదా, బోరు ఉన్న చెక్కదా, ఇంట్లో మీ వంతుగా వచ్చే గదిని మీరు ఏం చేసుకుంటారు, అమ్మను ఎవరు చూసుకుంటారు, వచ్చే సంక్రాంతికి మీరు ఆ గడప తొక్కుతారా అన్న ప్రశ్నల్లో కొన్నింటికి కోర్టు మొరటుగా సమాధానం చెబుతుంది, కొన్నింటికి అసలు చెప్పలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 జూలై నుంచి అమల్లో ఉన్న 89వ సెక్షన్ కింద జడ్జిగారు మిమ్మల్ని పంపుతున్నది ఇందుకే. 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వానికి ఏ వివాదాలు తగినవో వివరిస్తూ భాగపంపకాల దావాలను వాటిలో చేర్చింది. పక్షాల సమ్మతి లేకపోయినా కోర్టు మధ్యవర్తి దగ్గరికి పంపవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. వెళ్ళడం వరకే తప్పదు. ఒప్పుకోవాలని మాత్రం ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయలేరు.

సిద్ధపడటం గురించి అడిగారు. ఒక కాగితం తీసుకుని మీరు అడుగుతున్నది ఏమిటో ఒక పక్క రాయండి, అది ఎందుకు కావాలో రెండో పక్క రాయండి. ఎకరం 20 సెంట్లు అడుగుతున్నారు. సాగు చేయడానికా, కౌలుకు ఇవ్వడానికా, పిల్లల చదువుకు డబ్బు కావాలా, లేక ఆ నేల మీద మీ పేరు ఉండాలన్న కోరికా? ఇదే పని మీ అన్నయ్య తరఫున కూడా ఊహించి చేయండి. సాగు చేసుకునేవాడికి పొలం ముక్కలు కాకుండా ఉండటం ముఖ్యం కావచ్చు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి నేల కన్నా డబ్బు, అదీ ఒక్కసారిగా కాకపోయినా ఫరవాలేదనిపించవచ్చు. అడిగేవి ఢీకొంటాయి, కావలసినవి చాలాసార్లు ఢీకొనవు. మీ పేరున ఎకరం 20 సెంట్లు రాసి, ఐదేళ్ళపాటు అన్నయ్యే ఊళ్ళో నడిచే రేటుకు కౌలు చేసుకోవడం ఒక దారి. తమ్ముడి వాటాను అన్నయ్య వాయిదాల్లో కొనుక్కోవడం మరొకటి. ఇల్లు అమ్మ ఉన్నంతకాలం పంచకుండా, ఆవిడ తరువాత ఎలా పంచాలో ఇప్పుడే రాసుకోవడం ఇంకొకటి. వీటిలో ఏదీ ప్రిలిమినరీ డిక్రీలో దొరకదు.

బోరు విషయంలో ఒక హెచ్చరిక. ‘ముగ్గురూ కలిసి వాడుకుందాం’ అన్న మాట రాజీ రోజున తీయగా ఉంటుంది, మొదటి వేసవిలో కరెంటు బిల్లు దగ్గర చేదెక్కుతుంది. రెండు దేశాల మధ్య నీళ్ళు పంచిన ఉదాహరణ ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. దేశ విభజన తరువాత 1948లో సింధు పరీవాహకంలో కాలువ నీళ్ళ తగాదా మొదలైతే, 1951 తరువాత ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిగా వచ్చింది. ఉమ్మడి ప్రణాళికతో కలిసి వాడుకుంటే మేలన్న ఆలోచనతో మొదలుపెట్టి, అది సాగదని తెలుసుకుని, 1954లో నదులనే పంచుకొమ్మని ప్రతిపాదించింది: తూర్పు నదులైన రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు, పడమటి నదులైన సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌కు. కొత్త కాలువలు తవ్వుకోవడానికి పాకిస్తాన్‌కు భారత్ సుమారు 6 కోట్ల 20 లక్షల పౌండ్లు పది వార్షిక వాయిదాల్లో చెల్లించడానికి ఒప్పుకుంది, ఇతర దేశాల సాయంతో బ్యాంకు ఒక నిధి కూడా సమకూర్చింది. 1960 సెప్టెంబరు 19న కరాచీలో సంతకాలయ్యాయి. 1965, 1971 యుద్ధాల్లో కూడా ఆ ఒప్పందం నిలిచింది. 2025 ఏప్రిల్‌లో భారత్ దాన్ని నిలుపుదలలో పెట్టే దాకా వచ్చింది. కలిసి వాడుకునేంత నమ్మకం లేదని గుర్తించి, ఎవరిది వారికి విడదీసి, విడదీయడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలో కూడా తేల్చడం వల్ల అంతకాలం నడిచిందని నా అభిప్రాయం. మీ పొలంలో బోరు ఎవరి చెక్కలోకి వస్తే వాళ్ళదే అనుకుని, మిగిలినవాళ్ళకు కొత్త బోరు వేసుకోవడానికి సొమ్ము లెక్కగట్టడం మేలు.

గదిలో ఎవరుండాలన్నది సగం పని. సంతకం పెట్టవలసిన నలుగురూ ఉండాలి. తమ్ముడు ‘మీరే మాట్లాడుకోండి’ అంటే ఒప్పుకోవద్దు. రాలేకపోతే వీడియోలోనైనా కూర్చోమనండి, దానికి మధ్యవర్తిత్వ కేంద్రాలు వీలు కల్పిస్తున్నాయి. సంతకం లేకపోయినా, ఇంటికి వెళ్ళాక ‘ఎందుకు ఒప్పుకున్నావు?’ అని అడగగలిగే మనుషులు ప్రతి ఇంట్లో ఉంటారు. మీ వదిన అలాంటి మనిషి అయితే ఆవిడను బయట బల్ల మీద కూర్చోబెట్టి లోపల రాజీ చేసుకోవడం తెలివైన పని కాదు. ఇక మీ అమ్మగారు. ఆవిడకూ మీతో సమానమైన వాటా ఉంది, కానీ ఆవిడ ఉంటున్నది అన్నయ్య ఇంట్లో. అందరి ఎదుటా ‘నాకేమీ వద్దు, పిల్లలు కలిసుంటే చాలు’ అంటారు. ఆవిడతో విడిగా మాట్లాడమని మధ్యవర్తిని మీరే అడగండి. వాటా వదులుకుంటూ ఆవిడ విడుదల దస్తావేజు రాయాలనుకుంటే, ఆవిడ మందులకు, భుక్తికి, ఆ ఇంట్లోంచి ఎవరూ లేవదీయకుండా ఉండటానికి ఏర్పాటు ముందు జరగాలి.

కొలతలు, విలువలు ముందు తేల్చుకోండి. పాసుపుస్తకంలో 4 ఎకరాల 80 సెంట్లు ఉన్నంత మాత్రాన నేల మీద అంత ఉండాలని లేదు. సర్వేయర్ చేత కొలిపించి గట్లు చూసుకున్నాకే వాటాల మాట ఎత్తాలి. విలువ విషయంలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయపు ధర ఒకటి, ఊళ్ళో అమ్మకాలు జరుగుతున్న ధర మరొకటి; దేన్ని పట్టుకోవాలో వాటాలు తేలకముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే ఏ చెక్క ఎవరికి వస్తుందో తెలిశాక ప్రతివాడికీ తన చెక్క చవకగానూ, ఎదుటివాడి చెక్క ఖరీదుగానూ కనిపిస్తుంది. చెక్కలు విడగొట్టడంలో మన పల్లెల్లో ఉన్న పాత పద్ధతులు ఇప్పటికీ బాగా పనికొస్తాయి: పంచినవాడు చివర కోరుకోవాలి, లేదా సమానమని అందరూ ఒప్పుకున్నాక చీట్లు వేయాలి. నాన్నగారి వైద్యానికి అన్నయ్య పెట్టిన ఖర్చును కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోండి. రసీదులు ఉన్నంతవరకు ఆ అప్పును నలుగురూ పంచుకుంటామని మీరు ముందుగా అంటే, దాని ప్రభావం ఆ రూపాయల విలువ కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది.

మధ్యవర్తి ఎవరన్నది కూడా చూసుకోండి. కోర్టు కేంద్రాల్లో సాధారణంగా 40 గంటల శిక్షణ పొందిన న్యాయవాదులు గానీ, విశ్రాంత న్యాయాధికారులు గానీ ఉంటారు. ఆయనకు మీ అన్నయ్యతో బంధుత్వమో, పాత పరిచయమో ఉందని తెలిస్తే మొదటి రోజే చెప్పి వేరొకరిని కోరడం మీ హక్కు. ఆయన మీ మాట వింటున్నప్పుడు ఎంత శ్రద్ధగా ఉన్నారో, అన్నయ్య మాట విన్నప్పుడూ అంతే శ్రద్ధగా ఉంటే నొచ్చుకోకండి.

ఈ పద్ధతి పనికిరాని సందర్భాలు ఉన్నాయి, అవి దాచి చెప్పడం మీకు ద్రోహం చేసినట్టే. కొట్టే మనిషి, బెదిరించే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు, నిజం చెబితే ఇంటికి వెళ్ళాక ఏమవుతుందోనన్న భయం ఉన్నప్పుడు సమానంగా కూర్చున్నట్టు కనిపించే కుర్చీలు సమానం కావు. మీ ఉత్తరంలో అలాంటి సూచన ఏదీ లేదు. ఉంటే విడి సమావేశంలో మొదట ఆ మాటే చెప్పండి. కాలం గడపడానికి వచ్చేవాళ్ళ విషయం మరొకటి. పొలం అన్నయ్య స్వాధీనంలో ఉంది, ప్రతి పంటా అతనికి లాభం, కాబట్టి ప్రతి వాయిదా కూడా లాభమే. 2023 చట్టం మధ్యవర్తిత్వానికి 120 రోజుల గడువు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో 60 రోజులు పెట్టింది. ఆ చట్టంలోని సెక్షన్లు విడతలుగా అమల్లోకి తెస్తున్నారు కాబట్టి మీ కేసుకు ఏ గడువు వర్తిస్తుందో మీ న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. చట్టం పెట్టిన గడువు ఏదైనా, ఈ పంట కోతలోపు తేలకపోతే తిరిగి కోర్టుకే వెళ్తానని మీరే ఒక హద్దు గీసుకుని, ఆ మాట మర్యాదగా మధ్యవర్తికి చెప్పండి. అంతవరకు వచ్చే పంట ఆదాయం ఎవరి దగ్గర ఉండాలన్నది మొదటి సమావేశంలోనే తేల్చుకోదగిన చిన్న ఒప్పందం. చిన్నది కుదిరితే పెద్దది కుదురుతుందన్న నమ్మకం పుడుతుంది.

కుదిరిన రోజున అందరికీ కళ్ళు చెమర్చుతాయి, త్వరగా సంతకాలు పెట్టేసి ఇంటికి పోదామనిపిస్తుంది. ఆ తొందర వద్దు. హద్దులు, సర్వే నంబర్లు, దారి ఎటునుంచి, చేలో ఉన్న పైరు ఎవరు కోసుకోవాలి, సొమ్ము ఏ తేదీకి ఎంత, ఆ తేదీ దాటితే ఏమిటి, సర్వే ఖర్చు, స్టాంపు ఖర్చు ఎవరిది, పాసుపుస్తకాలు మార్పించుకోవడానికి ఎవరు ఎప్పుడు సంతకం పెట్టాలి, ఇవన్నీ తేదీలతో సహా కాగితం మీదికి రావాలి. ‘వీలున్నప్పుడు’, ‘త్వరలో’, ‘అందరూ అనుకున్నట్టుగా’ వంటి మాటలు కనిపిస్తే కొట్టేయించండి. సంతకాలైన ఒప్పందాన్ని కోర్టు నమోదు చేసి రాజీ డిక్రీ ఇస్తుంది. దాన్ని రద్దు చేయమంటూ మళ్ళీ దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు, అందుకే రాసేముందు జాగ్రత్త కావాలి. మరొక విషయం చాలామంది మరచిపోతారు. దావా షెడ్యూల్లో, అంటే దావాకు జతచేసిన ఆస్తుల జాబితాలో, లేని స్థిరాస్తి ఏదైనా రాజీలో చేరితే, ఆ భాగానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ దావాలో పొలం మాత్రమే ఉండి ఇల్లు లేకపోతే, ఇప్పుడే మీ న్యాయవాదికి చెప్పండి.

కుదరకపోతే? దావా ఎక్కడ ఆగిందో అక్కడినుంచి నడుస్తుంది, మీ హక్కులో వీసమెత్తు తగ్గదు, లోపల మీరు దిగివచ్చిన అంకెను అవతలి న్యాయవాది కోర్టులో ఎత్తడానికి వీల్లేదు. చాలా కుటుంబాలు మొదటిసారి విఫలమై, సాక్ష్యాలు మొదలయ్యాక మళ్ళీ అదే గదికి తిరిగి వస్తాయి. పొలం ఎంత, ధర ఎంత, అమ్మకు ఏం కావాలి అన్న మూడూ మొదటి విడతలో తేలి ఉంటే ఆ రెండోసారి పని సగమే.

మొదటి సమావేశానికి మీ భర్తను తప్పక తీసుకువెళ్ళండి, పక్కనే కూర్చోమనండి. ముందు ఎవరు మాట్లాడతారని మధ్యవర్తి అడిగినప్పుడు ఆయన వైపు చూడకండి. నాన్నగారు ఆ పొలం కొన్నప్పుడు మీకు ఎన్నేళ్ళో, ఆ గట్టు మీద మీకు ఏం గుర్తుందో, అక్కడినుంచి మీరే మొదలుపెట్టండి.